లోపల ముగ్గురు, బయట ఒకరు

ఇడ్లీ పాత్ర మీద మూత పెట్టారో లేదో, ఆ ఇంట్లో వాదన మొదలైంది. వాదనంటే తిట్టుకునేది కాదులెండి. దసరా సెలవులకి హైదరాబాద్ అవతలున్న పెద్ద పార్కుకి వెళ్తున్నారు గదా, అక్కడ రాత్రిళ్లు ఎక్కడ ఉండాలి అని. పార్కు గేటు లోపలే కట్టిన హోటల్లోనా, రోడ్డుకవతల లాడ్జిలోనా? నల్లపాడులోని ఆ చిన్న ఇంట్లో వారం నుంచీ ఇదే పాట.

"లోపలే ఉందామండీ," అంది ఫెబా, పచ్చడికి పోపు వేస్తూ. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. ఏ విషయమైనా పిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెబుతుంది. "మా నగ్మా టీచర్ వాళ్లు లోపలే దిగారట. లోపలున్న వాళ్లకి పొద్దున్నే అందరికంటే ముందు గేటు తీస్తారట. మధ్యాహ్నం పిల్ల అలిసిపోతే గదికి తెచ్చి కాసేపు పడుకోబెట్టుకోవచ్చు. బయటుంటే ఆటోవాడితో బేరాలు, ఎండలో నడకలు."

"మా నాగూర్ వలి బయట లాడ్జిలోనే దిగాడు," అన్నాడు జయపాల్. అతనికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. పొలాల్లో కాలిపోయిన మోటార్లన్నీ అతని దగ్గరికే వస్తాయి. "లోపల కాఫీ కూడా వాళ్ల దగ్గరే తాగాలంట. బయటైతే పక్కనే మన గుంటూరోళ్ల మెస్సుందంట. గోంగూర కూడా వేస్తాడంట."

"అంత దూరం పోయేది గోంగూర తినడానికా?"

"గోంగూర లేకపోతే నేనెక్కడికి పోయినా ఒకటే."

మూడో తరగతి చదువుతున్న స్తుతి వాళ్లిద్దరి మధ్యకి దూరింది. "నాన్నా, లోపలి హోటలైతే కిటికీలోంచి జెయింట్ వీల్ కనిపిస్తుంది. చీకటి పడగానే లైట్లేస్తారు. నేనూ అమ్మమ్మా మంచం మీద పడుకునే చూస్తాం."

ఇంక జయపాల్ ఏం మాట్లాడతాడు? కూతురు నోరు తెరిస్తే గోంగూరేంటి, షాపైనా మూసేసే రకం. "సరే తల్లీ, లోపలే," అన్నాడు. అప్పటికప్పుడు హోటల్‌కి ఫోన్ చేశాడు. పండగ సెలవులాయె, గదులన్నీ అయిపోయాయట. నలుగురు పట్టే పెద్ద గది ఒక్కటే మిగిలిందట. "అదే ఉంచండి," అని పెట్టేశాడు.

అప్పుడు వసారాలోంచి దగ్గు వినిపించింది. ఎవరూ తల తిప్పలేదు.

తిప్పకపోవడం వాళ్ల తప్పని తొందరపడి అనకండి. గుంటూరు చుట్టుపక్కల దగ్గంటే ఎవరికి లెక్క? మిర్చి లారీ సందులోంచి పోయిందంటే వీధి వీధంతా తుమ్ముతుంది. పైగా ఫెబా తల్లి రెబ్కమ్మ వయసులో ఉన్నప్పటి నుంచీ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తున్న మనిషి. ఎర్రటి కుప్ప ముందు కూర్చుని, ముక్కుకి కొంగు కట్టుకుని, పొద్దుగూకే దాకా అదే పని. అలాంటామె దగ్గితే 'మిర్చి దగ్గు' అంటారు, ఊరుకుంటారు. ఫెబా కూడా ఆ దగ్గు వింటూనే పెరిగింది.

రెబ్కమ్మ వసారా మెట్టు మీద కూర్చుని తన కంచంలో తను తింటోంది. ఆ కంచం, ఆ గ్లాసు ఆవిడవి. ఎవర్నీ ముట్టుకోనివ్వదు, తనే కడుక్కుంటుంది. అడిగితే, "నా చేతుల ఘాటు దేనికంటినా మీకు మంటే," అంటుంది.

"ఆ గదిలో మీరు ముగ్గురూ ఉండండర్రా," అంది అక్కణ్ణించే. "నేను బయట లాడ్జిలో ఉంటాలే."

ఫెబా గరిటె చేత్తో పట్టుకునే వసారాలోకి వచ్చింది. "ఏంటమ్మా నువ్వనేది? మేము లోపల, నువ్వొక్కదానివీ బయటనా?"

"అల్లుడున్న గదిలో అత్త పడుకుంటుందంటే ఎక్కడైనా? నలుగురు వింటే నవ్విపోతారు. మా అమ్మయితే అల్లుడొచ్చాడంటే మంచం కూడా దిగేది, తెలుసా?"

"ఆ కాలం వేరు."

"కాలం వేరైతే సిగ్గు కూడా వేరవుతుందా? లాడ్జి కుదరదంటే నన్నిక్కడే వదిలేసి పోండి. ఇంటికి కాపలా ఉంటా." కంచం తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది. నాలుగడుగులకే ఆయాసం. గోడ పట్టుకుని నిలబడింది. అది మాత్రం ఎవరూ చూడలేదు.

స్తుతి చూసింది వేరే సంగతి. వంటింట్లోకి వచ్చి తల్లి చీర పట్టుకుంది. "అమ్మా, అమ్మమ్మకి నేనంటే ఇష్టం పోయింది కదా?"

"అదేం మాటే?"

"అంతకుముందు అమ్మమ్మ దగ్గరే పడుకునేదాన్ని. క్రిస్మస్ అయ్యాక వద్దంది. కథ చెప్పమంటే దూరంగా కూర్చుని చెబుతుంది. జడ కూడా వెయ్యట్లేదు. ఇప్పుడు పార్కులో కూడా నాతో ఉండదంట."

ఫెబా పిల్లని దగ్గరికి లాక్కుంది. ఈ మాట తనకి కొత్త కాదు. సరిగ్గా ఇదే వయసులో తను కూడా అనుకున్న మాట ఇది. మూడో తరగతిలో ఉండగా తల్లి తనని తీసుకెళ్లి మిషన్ హాస్టల్లో వదిలేసింది. ఏడ్చి కొంగు పట్టుకుంటే వేళ్లు ఒక్కొక్కటే విడిపించి మరీ వెళ్లిపోయింది. పండక్కి కూడా ఇంటికి తీసుకురాలేదు. ఆ తర్వాత ఒకరోజు వార్డెనమ్మ పిలిచి, మీ నాన్న పోయాడు, ఇంటికి రా అంది. ఇంటికెళ్లేసరికి నాన్న ఏసుబాబు శవపెట్టెలో ఉన్నాడు. "ఏమైందమ్మా నాన్నకి?" అంటే, "మిర్చి దగ్గే తల్లీ, ముదిరిపోయింది," అంది రెబ్కమ్మ. అంతే. ఆ తర్వాత తల్లీ కూతుళ్లు ఆ సంగతి ఎత్తలేదు. పెళ్లయ్యాక తల్లిని తన ఇంటికే తెచ్చుకుంది ఫెబా, బాగానే చూసుకుంటోంది. లోపల ముల్లు లోపలే ఉంది.

సాయంత్రం కుటుంబ ప్రార్థన అయింది. ప్రార్థనలో కూడా రెబ్కమ్మ గడప అవతలే చాప వేసుకుని కూర్చుంది. ఆమెన్ అన్నాక జయపాల్ గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, నేనొక మాట చెబుతా, కాదనకూడదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు గానీ, మీకు అంత మొహమాటమైతే నేనే బయట లాడ్జిలో ఉంటా. మీరు ముగ్గురూ లోపల గదిలో ఉండండి. నాక్కావల్సిన గోంగూరేమో అక్కడే ఉందాయె."

స్తుతి చప్పట్లు కొట్టింది. ఫెబా మొగుడి వైపు చూసిన చూపులో ఎంతో ప్రేమ ఉంది. రెబ్కమ్మ మొహం మాత్రం పాలిపోయింది. అడ్డం పెట్టుకున్న గోడ కాస్తా అల్లుడు పడగొట్టేశాడు, పాపం తెలియక.

"వద్దు బాబూ," అంది. "నేను లోపల ఉండను."

"ఇప్పుడేమైందమ్మా? ఆయన ఉండనంటున్నారు గదా!"

"ఉండనన్నానా, ఉండను. వదిలెయ్యవే."

"ఎందుకుండవ్? ఆయన్ని అడ్డం పెట్టుకున్నావ్, సరే. ఇప్పుడు గదిలో ఉండేది నేనూ, నా బిడ్డే గదా! మాతో ఉండటానికి నీకేంటి నొప్పి?"

"ఫెబా, మెల్లిగా," అన్నాడు జయపాల్.

"మీరుండండి. ఇన్నేళ్లూ మెల్లిగానే ఉన్నా. ఏమ్మా, బిడ్డలంటే నీకంత బరువా? నన్ను తీసుకెళ్లి హాస్టల్లో పడేశావ్. మా నాన్న మొహం పెట్టెలో చూశా. నా ఖర్మ అనుకున్నా. ఇప్పుడు నా కూతుర్ని కూడా అట్టాగే దూరం పెడుతున్నావే! అది నిన్నేం చేసింది? అమ్మమ్మకి నేనంటే ఇష్టం పోయిందా అని అడుగుతోంది పొద్దున. ఏం చెప్పమంటావ్? మా అమ్మ గుణమే అంత అని చెప్పనా?"

రెబ్కమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి స్తుతి ఆగలేకపోయింది. "అమ్మమ్మా, ఏడవకు," అంటూ గడప దాటి పరిగెత్తి మెడ చుట్టూ చేతులేసింది.

"పోవే! దూరం పో!" రెబ్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో పిల్లని ఒక్క తోపు తోసింది. పిల్ల వెళ్లి గడప మీద పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది.

ఏడవడం కూడా మర్చిపోయి అమ్మమ్మ వైపే చూస్తోంది స్తుతి. అంత ముద్దుగా పెంచిన మనిషి తోసేసిందంటే దానికి నమ్మబుద్ధి కాలేదు.

"అమ్మా!" ఫెబా కేక పెట్టింది. "పిచ్చి పట్టిందా నీకు? తాకితే మైలపడతావా?"

"తాకితే అది చస్తుందే!" రెబ్కమ్మ అరిచింది. ఆ అరుపుతో దగ్గు తెర వచ్చింది. వంగిపోయి, స్తంభం పట్టుకుని, ఊపిరందక ఎగపోసింది. కాస్త తెరిపిన పడ్డాక కిందికి చూస్తూ చెప్పింది. "మీ నాన్న జబ్బు నాకొచ్చిందే. మీ నాన్నది మిర్చి దగ్గు కాదు, టీబీ. ఆ మాట బయటికొస్తే నీకు పెళ్లవ్వదని మిర్చి దగ్గని చెప్పా. ఆ జబ్బు నీకంటుతుందనే నిన్ను హాస్టల్లో వదిలా. నువ్వు కొంగు పట్టుకుంటే నీ వేళ్లు విడదీశా చూడు, ఆ రాత్రి ఈ చేతుల్ని గోడకేసి కొట్టుకున్నానే. ఇప్పుడు నాకూ అదే దగ్గు. అదే చిక్కిపోవడం. అందుకే బిడ్డని పక్కలోకి రానివ్వలేదు. ఆస్పత్రికి పోతే వాళ్లు ఇంటికొచ్చి అందరికీ పరీక్షలంటారు. సందంతా తెలుస్తుంది. నీ స్కూల్లో తెలుస్తుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకున్నా."

ఫెబా అప్పుడు ఒక పని చేసింది. కావాలని చేసింది కాదు. తల్లి ప్రాణం, చెయ్యి దానంతటదే కదిలింది. స్తుతి భుజం పట్టుకుని ఒక అడుగు వెనక్కి లాగింది.

లాగాక తెలిసింది తనేం చేసిందో. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తల్లి వైపు చూడలేకపోయింది.

రెబ్కమ్మ మాత్రం తల ఊపింది. "అదీ. మంచి పని చేశావమ్మా. అట్టాగే పట్టుకో దాన్ని." కోపంగా కాదు, నిజంగానే మెచ్చుకుంటూ అంది.

ఆ మాటతో ఫెబా కూలబడిపోయింది. ఇన్నేళ్ల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. అమ్మ తన వేళ్లు ఎందుకు విడదీసిందో ఇప్పుడు తన చెయ్యే తనకి చెప్పింది.

జయపాల్ లేచి లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. అత్త గ్లాసు కాదు, ఇంట్లో అందరూ తాగే గ్లాసు. "తాగండత్తయ్యా. రేపు షాపు తియ్యను. పొద్దున్నే ఆస్పత్రికి పోదాం. టీబీ అయితే మందుంది. మామయ్య కాలం కాదిది. సందులో వాళ్ల సంగతి నేను చూసుకుంటా, ఎవడేమంటాడో వింటా."

ఆస్పత్రిలో డాక్టరు మహిమ గారు చిన్న వయసావిడే గానీ నిదానస్తురాలు. కళ్లె పరీక్ష చేయించారు, స్కాన్ తీయించారు. అన్నీ వచ్చాక రెబ్కమ్మని ఎదురుగా కూర్చోబెట్టారు. రెబ్కమ్మ కుర్చీని ఇంకాస్త వెనక్కి జరుపుకుంది, డాక్టరుకి అంటుతుందని.

"అమ్మా, మీకు టీబీ లేదు."

ఫెబా "ప్రభువా, స్తోత్రం!" అంటూ కళ్లు మూసుకుంది. డాక్టరు గారు ఆమె కళ్లు తెరిచేదాకా ఆగారు. చెప్పాల్సింది ఇంకా ఉందని ఆ ఆగడంలోనే అర్థమైంది.

"నిల్వ మిరపకాయల బూజు, ధూళి ఏళ్ల తరబడి పీల్చారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మొదట్లోనే వచ్చి, ఆ పని మానేసి మందులు వాడుంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పుడు పోయిన ఊపిరి తిరిగి తెప్పించలేను. ఉన్నది కొన్నాళ్లు నిలబెట్టడానికి చూస్తాను."

చూశారా ఎంత పని జరిగిందో! మొగుడికి టీబీ అయితే మిర్చి దగ్గని లోకానికి చెప్పింది. తనకి నిజంగానే మిర్చి దగ్గు ముదిరితే టీబీ అనుకుని దాచుకుంది. దాచుకుని, మందు తీసుకోవాల్సిన కాలమంతా వసారాలో కూర్చుని పోగొట్టుకుంది. ఎవర్ని తిట్టాలో కూడా తెలియని కష్టం ఇది.

ఫెబా తల్లి కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది. జయపాల్ కిటికీ వైపు తిరిగిపోయాడు. రెబ్కమ్మ మాత్రం ఎన్నాళ్లు బతుకుతానని అడగలేదు. మందులేంటని అడగలేదు. కుర్చీ అంచుకి వచ్చి, భయంభయంగా అడిగింది.

"అంటే... ఇది పిల్లలకి అంటదామ్మా?"

"ఎవరికీ అంటదమ్మా."

"పక్కలో పడుకోబెట్టుకున్నా?"

"పడుకోబెట్టుకున్నా."

"మొహం మీద మొహం పెట్టి ముద్దు పెట్టుకున్నా?"

"ఏం కాదమ్మా."

రెబ్కమ్మ అప్పుడు ఏడ్చింది. చావుకి కాదు. "క్రిస్మస్ నుంచీ పిల్లకి జడ కూడా వెయ్యలేదే ఫెబా," అని ఏడ్చింది. "నా చేతులారా పోగొట్టుకున్నానే అమ్మా, ఇన్ని రోజులు!" ఫెబా తల్లి తలని తన పొట్టకేసి అదుముకుని, జుట్టు నిమురుతూ నిలబడింది. తల్లిని అలా పట్టుకుని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ప్రయాణం మానేద్దామంది ఫెబా. డాక్టరు గారే మానొద్దన్నారు. "తీసుకెళ్లండి. ఎక్కువ నడిపించకండి. ఇప్పుడైతే వెళ్లగలరు," అన్నారు. 'ఇప్పుడైతే' అన్న మాట దగ్గర ఫెబా, జయపాల్ చూపులు కలిశాయి.

నల్లపాడు స్టేషన్లో పొద్దున్నే రైలెక్కారు. రైల్లో కూర్చున్న దగ్గర్నుంచీ స్తుతి జడ ఊడదీయించుకోవడం, మళ్లీ వేయించుకోవడం. "అమ్మమ్మా, ఇంకోసారి," అంటుంది. రెబ్కమ్మ విసుక్కోకుండా వేసింది. మోచేతి మీద మానిన గాయం కనిపించినప్పుడల్లా అక్కడ ముద్దు పెట్టుకుంది.

పార్కులో ఆవిడ తిరగలేకపోయింది. ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. పిల్ల ఒక్కో ఆటా ఆడి పరిగెత్తుకొచ్చి, ఏం జరిగిందో చెప్పి, మళ్లీ పరిగెత్తేది. ఎండెక్కాక అమ్మమ్మకి ఆయాసమొస్తే గదికి తీసుకొచ్చి పడుకోబెట్టారు. బయట లాడ్జిలో దిగుంటే ఎంత అవస్థ పడేవాళ్లమో అని జయపాలే ఒప్పుకున్నాడు. గోంగూర మాటే ఎత్తలేదు.

చీకటి పడగానే కిటికీలో జెయింట్ వీల్ వెలిగింది. జయపాల్ గది చివర, తలుపు దగ్గర దుప్పటి పరుచుకుని, గోడవైపు తిరిగి తువ్వాలు తల మీద కప్పుకున్నాడు. "నేను ఇక్కడ లేననుకోండత్తయ్యా. ఇది బయట లాడ్జే."

"అట్టాగే బాబూ," అని నవ్వింది రెబ్కమ్మ. నవ్వితే దగ్గొచ్చింది. పక్కనే ఉన్న స్తుతి దూరం జరగలేదు. లేచి కూర్చుని, చిన్న చెయ్యి ఆవిడ గుండెల మీద వేసి రాసింది. "అమ్మమ్మా, ఎర్ర లైటు చూడు, ఇప్పుడు నీలం అవుతుంది," అంది. నీలం అయింది. ఇద్దరూ చూశారు.

ఫెబా రెండో మంచం మీద కాసేపు కూర్చుంది. ఆ మంచం ఖాళీగా, పెద్దదిగా ఉంది. ఉండబట్టలేక లేచి వచ్చింది.

"జరుగమ్మా."

"నీకెక్కడ చోటే ఇందులో? గున్న ఏనుగులా అయ్యావ్."

"హాస్టల్ మంచం కంటే పెద్దదేలే. జరుగు."

రెబ్కమ్మ నవ్వు ఆగిపోయింది. కూతురి మొహంలోకి చూసింది. పిల్లని కిటికీ వైపు జరిపి, తను జరిగి, దుప్పటి అంచు ఎత్తి పట్టుకుంది. ఫెబా ఎక్కి తల్లి వీపుకి మొహం ఆనించి పడుకుంది. పల్చబడిన ఆ వీపులోంచి పిల్లికూతలు వినిపిస్తున్నాయి. చెయ్యి చాపి తల్లి కొంగు పట్టుకుంది. రెబ్కమ్మ వెనక్కి చెయ్యి పెట్టి ఆ వేళ్లు తడిమింది. ఈసారి విడిపించలేదు. వాటి మీద తన చెయ్యి వేసి ఉంచింది.

తెల్లారింది. లోపలున్న వాళ్లకి గేటు ముందే తీస్తారని ఫెబా వారం పాటు వాదించింది గదా, తీశారు. వరండాలో పిల్లల పరుగులు వినిపించాయి. స్తుతికి అప్పటికే మెలకువ వచ్చింది. ఫెబా కూడా కళ్లు తెరిచి ఉండటం చూసి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"అమ్మా, కదలకు," అంది గుసగుసగా. "అమ్మమ్మ దగ్గకుండా నిద్రపోతోంది."

రెబ్కమ్మ ఊపిరి మెల్లిగా ఆడుతోంది. ఎవరూ కదల్లేదు.